మోహల్లా కమిటీలో మా కాక

హోస్ట్: అందరికీ నమస్తే. ఈ ఎపిసోడ్ సిరిసిల్లలో మా కాక ఇంటి వరండాలో రికార్డ్ చేస్తున్నాను. పక్కింట్లో సాంచాలు, అంటే మరమగ్గాలు నడుస్తున్నాయి, ఆ చప్పుడు మీకూ వినిపిస్తుంది. పోలీసులు ఒక ఊళ్లో ముందు ఏ పని చూడాలి, అది ఎవరు చెప్పాలి? ఈ రోజు మాట అదే. కాక 20 ఏళ్లకు పైగా భివండిలో సాంచాలు నడిపాడు. ఎప్పుడు పోయావు కాకా?

కాక: 1979లో బిడ్డా. పద్మనగర్‌లో ఉండేవాళ్లం. అక్కడంతా మనవాళ్లే, తెలుగే వినిపించేది. ఒక్క ఖోలీలో పది మందిమి. పగటి షిఫ్టు వాళ్లు లేస్తే ఆ చాపల మీదే రాత్రి షిఫ్టు వాళ్లు పడుకునేవాళ్లు.

హోస్ట్: భివండి ముంబైకి దగ్గర్లో, థానె జిల్లాలో ఉన్న మరమగ్గాల పట్టణం. 1970లో, మళ్లీ 1984లో అక్కడ పెద్ద మతకల్లోలాలు జరిగాయి. 1984లో నువ్వు అక్కడే ఉన్నావు కదా.

కాక: ఉన్నాను. కర్ఫ్యూ సడలించగానే చేతిసంచి పట్టుకుని కళ్యాణ్ స్టేషన్ దాకా నడిచాం. నా పక్క సాంచ మీద పనిచేసే ముస్లిం పిల్లగాడు ఏమయ్యాడో ఇప్పటికీ తెలియదు. అప్పట్లో పోలీసు గల్లీలోకి వచ్చాడంటే ఎవరినో పట్టుకుపోవడానికే. మేం తలుపులు వేసుకునేవాళ్లం. మనకు తెలిసింది ఆయనకు చెప్పేది లేదు, ఆయన మనల్ని అడిగేదీ లేదు.

హోస్ట్: 1988లో సురేశ్ ఖోప్డే అక్కడికి డీసీపీగా వచ్చారు. దాదాపు 70 మోహల్లా కమిటీలు, అంటే బస్తీ కమిటీలు పెట్టారు. ఒకే కమిటీలో హిందువులు, ముస్లింలు. ప్రతి మోహల్లా బాధ్యత ఒక పోలీసుకు అప్పజెప్పారు. కానీ శాంతి కమిటీలు అంతకుముందు కూడా ఉండేవి కదా?

కాక: ఉండేవి. పండుగ ముందు ఠాణాకు పిలిచేవారు. వచ్చేది లీడర్లు, పెద్ద సేట్లు. చాయ్ తాగి పోయేవారు. కూలివాడిని ఎవరు పిలుస్తారు? ఈ కొత్త కమిటీ మాత్రం మా గల్లీలోనే కూర్చుంది. హవల్దారే మా దగ్గరికి వచ్చాడు, చాప వేస్తే చాప మీద కూర్చున్నాడు. నేను పోయిన మొదటి మీటింగులో హిందూ ముస్లిం మాటే రాలేదు. నల్లా కాడ రోజూ కొట్లాట అవుతోందని ఒకామె చెప్పింది. జీతాలు ఇచ్చే రోజు రాత్రి చీకటి గల్లీలో డబ్బులు గుంజుకుంటున్నారని నేను చెప్పాను. ఆయన రాసుకున్నాడు. ఆ తర్వాత జీతాల రోజున ఆ గల్లీలో నిలబడేవాడు.

హోస్ట్: అంతేనా?

కాక: అంతే. కానీ ఆ ఒక్క పనితో ఆయన మాకు మనిషిగా తెలిశాడు. 1992 డిసెంబరులో మసీదు కూలిందని రేడియోలో వినగానే నాకు టెన్షన్‌తో కాళ్లు వణికాయి. మళ్లీ కళ్యాణ్ దాకా నడవాలేమో అనుకున్నాను. ఆ రాత్రి కమిటీ వాళ్లూ, ఆ హవల్దారూ కలిసి గల్లీ గల్లీ తిరిగారు. ఫలానా దగ్గర మూక కూడుతోందట అని పుకారు లేస్తే, అక్కడివాళ్లనే పిలిచి అడిగి, అబద్ధమని తేల్చేవారు. ఒకరి ముఖం ఒకరికి తెలుసు కాబట్టి ఆ మాట నమ్మాం.

హోస్ట్: ఆ డిసెంబరు, జనవరి నెలల్లో ముంబై అల్లర్లలో 900 మంది చనిపోయారని, వాటిని విచారించిన శ్రీకృష్ణ కమిషన్ లెక్క తేల్చింది. రెండుసార్లు కాలిపోయిన భివండి మాత్రం అప్పుడు ప్రశాంతంగా ఉంది. దాన్ని చూశాకే 1994లో ముంబైలోనూ మోహల్లా కమిటీల ఉద్యమం మొదలైంది. జూలియో రిబేరో, సతీశ్ సాహ్నీ లాంటి పోలీసు అధికారులు అందులో ఉన్నారు. కానీ 2006 జులైలో అదే భివండిలో పోలీస్ స్టేషన్ కట్టే స్థలం మీద గొడవ చెలరేగి, ఇద్దరు కానిస్టేబుళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు.

కాక: అప్పటికి నేను ఇక్కడికి వచ్చేశాను. విని ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. ఆఫీసరు బదిలీ అయితే చాప ఎవరు పరుస్తారు బిడ్డా? అది పెద్దసారు ఇష్టం మీద కాదు, ఠాణా రోజువారీ పనిగా ఉండాలి.

హోస్ట్: అమెరికాలోని షికాగోలో పోలీసులు అదే చేయాలని చూశారు. 1993లో ఐదు పోలీసు జిల్లాల్లో మొదలుపెట్టి తర్వాత నగరమంతా విస్తరించారు. మొత్తం 279 బీట్లు, అంటే పోలీసులు గస్తీ తిరిగే చిన్న చిన్న ప్రాంతాలు, బీటువారీగా క్రమం తప్పకుండా మీటింగులు. జనం మొదట చెప్పింది హత్యల గురించి కాదు. పాడుబడ్డ ఇళ్లు, సందు చివర మత్తుమందు అమ్మేవాళ్లు, వదిలేసిన కార్లు. పాడుబడ్డ ఇళ్లు, కార్లు తీసేయడం పోలీసుల చేతిలో లేదు కాబట్టి నగరపాలక శాఖలను కూడా ఆ పనికి ముడిపెట్టారు. నాకు ఇది చాలా ముఖ్యం అనిపిస్తుంది. స్తంభానికి బల్బు పెట్టాల్సింది మున్సిపాలిటీ. అది పెట్టకపోతే పోలీసు ఒక్కడే ఏం చేస్తాడు? అయితే అక్కడ కూడా ఒక లోపం బయటపడింది. మీటింగులకు సొంతిళ్లవాళ్లు ఎక్కువ వచ్చారు. స్పానిష్ మాట్లాడే కుటుంబాలు వెనకబడిపోయాయి.

కాక: మరి, భాష రానివాడు మీటింగులో ఏం మాట్లాడతాడు? నా మరాఠీ వింటే అందరూ నవ్వేవాళ్లు. ఇప్పుడు హైదరాబాద్‌లో బిల్డింగులు కట్టే ఒడిశా, బిహార్ పిల్లలను ఎవరైనా కాలనీ మీటింగుకు పిలుస్తున్నారా?

హోస్ట్: పిలవడం లేదు కాకా. మన దగ్గర జనంతో కలిసి చేసిన పని లేదని కాదు. 2014 అక్టోబరు 24న షీ టీమ్స్ మొదలయ్యాయి. ఆడపిల్లలు ఏ బస్టాపులో, ఏ కాలేజీ దగ్గర ఇబ్బంది పడుతున్నారో గుర్తించి, అక్కడ మఫ్టీలో నిలబడ్డారు. అది సరైన దారి. పోలీసుల 'నేను సైతం' కార్యక్రమం కింద కాలనీవాళ్లు డబ్బులు పోగేసి కెమెరాలు పెట్టించుకున్నారు. దొంగలను పట్టుకోవడానికి అవి పనికొచ్చాయి. నా బాధల్లా ఒకటే. కాలనీని డబ్బు అడుగుతున్నాం, ఫుటేజీ అడుగుతున్నాం. మీకు దేనికి భయం వేస్తోంది అని అడగడం తక్కువ. బస్తీల్లో అయితే తెల్లవారుజామున కార్డన్ సెర్చ్ అని బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేయడం, బండి కాగితాలు చూపించమనడం. పరిచయం అలా మొదలైతే ఆ మనిషి రేపు వచ్చి ఏం చెబుతాడు?

కాక: చెప్పడు. మేం తలుపులు వేసుకున్నట్టే వేసుకుంటాడు.

హోస్ట్: తమిళనాడు సంగతి కూడా చెప్పాలి. 1993లో రామనాథపురంలో, పోలీసులకు సాయపడే వాలంటీర్లతో ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్ మంచి ఆలోచనతో మొదలైంది. 2020లో సాత్తాన్‌కుళంలో తండ్రీ కొడుకులు కస్టడీ హింసతో చనిపోయాక ఆ వాలంటీర్ల మీద కూడా ఆరోపణలు వచ్చాయి, ప్రభుత్వం ఆ వ్యవస్థను ఆపేసింది. కమిటీలో కూర్చునే మనిషి చేతికి లాఠీ ఇవ్వకూడదు. ఆయన పని చెప్పడం, మళ్లీ వచ్చి ఏం చేశారని అడగడం. సరే కాకా, రేపు నీ గల్లీలో మీటింగు పెడితే మొదట ఏం చెబుతావు?

కాక: దొంగతనాలు చెప్పను. గిరిగిరి అప్పులవాళ్ల సంగతి చెబుతాను. వంద రోజుల లెక్కన డబ్బిస్తారు, ఒక్క వారం ఆగితే ఇంటి ముందు నిలబడి ఆడవాళ్ల ముందర నోటికొచ్చినట్టు తిడతారు. ఇక్కడ నేతవాళ్లు ఎందరు అప్పులకు ప్రాణాలు తీసుకున్నారో నీకు తెలుసు. పోయాక ఠాణాలో కాగితం రాస్తారు. బతికున్నప్పుడు వాడిని తిట్టింది ఏ రిజిస్టరులోనూ లేదు.

హోస్ట్: కేసు పెట్టరా?

కాక: ఎవడు పెడతాడు? వచ్చే నెల మళ్లీ వాడి దగ్గరికే పోవాలి కదా. ఒక్కడు చెప్పలేడు. చాప మీద పదిహేను మంది కూర్చుని ఉంటే చెబుతాడు.