ఏటీఆర్ 72 ఇంజిన్ డొప్ప లోపల ఏముంది? నాసెల్, మౌంట్ రివ్యూ

నమస్తే అండీ. మొన్న హైదరాబాద్ నుంచి రాజమండ్రి వెళ్తూ కిటికీలోంచి తీసిన వీడియో ఇది. గోదావరి షాట్లు ఇంకో వీడియోలో పెడతాను. ఇవాళ రివ్యూ అంతా రెక్కకి వేలాడుతున్న ఈ తెల్ల డొప్ప గురించే. దీన్ని నాసెల్ అంటారు. విమానం ఏటీఆర్ 72-600.

ఇక్కడ ఆపుతున్నాను, చూడండి. ప్రొపెల్లర్ ముక్కు కింద నోరు తెరిచినట్టుందే, ఇంజిన్‌కి గాలి వెళ్లేది అందులోంచే. దాని చుట్టూ ఉన్న నల్ల అంచు రబ్బరు. మంచు పేరుకుంటే అందులోకి గాలి ఊదుతారు, రబ్బరు ఉబ్బి మంచు పెచ్చులుగా రాలిపోతుంది. లోపల టర్బైన్ నిమిషానికి సుమారు 20,000 సార్లు తిరుగుతుంటే, గేర్‌బాక్స్ ఆ వేగాన్ని 1,200కి దించి ప్రొపెల్లర్‌కి ఇస్తుంది. అది కూడా టేకాఫ్‌లోనే. పైకెళ్లాక ఇంకా తగ్గి 984 దగ్గర ఉంటుంది. ఆరు బ్లేడ్లు కాబట్టి సెకనుకు 98 సార్లు ఏదో ఒక బ్లేడు కిటికీ పక్కనుంచి పోతుంది. ముందు వరుసల్లో కూర్చుంటే చెవుల్లో మోగే ఆ 'బుమ్మ్' ఇదే. ఈ విషయంలో మాత్రం నాకు నచ్చలేదు, మార్కులు కట్.

ఇక అసలు సంగతి. దాదాపు 480 కిలోల ఇంజిన్, దాని ముందు దాదాపు నాలుగు మీటర్ల ప్రొపెల్లర్. వీటిని రెక్కకి ఎలా బిగించారు? డొప్ప ఊడదీస్తే లోపల ఒక ఫ్రేమ్ ఉంటుంది. ముందు గేర్‌బాక్స్ దగ్గర, వెనక ఇంజిన్ దగ్గర మౌంట్లుంటాయి, అంటే ఇంజిన్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే బిగింపులు. వాటిలో రబ్బరు లాంటి మెత్తటి పదార్థం. బోల్టులతో గట్టిగా బిగించేస్తే సరిపోదా అనిపిస్తుంది. వంటింట్లో మిక్సీ కింద రబ్బరు కాళ్లు పీకేసి ఒకసారి తిప్పండి, గోలంతా గట్టుకి ఎక్కుతుంది. ఇక్కడ ఆ గట్టు మనం కూర్చున్న క్యాబిన్.

పోనీ మరీ మెత్తగా పెడితే? ఇక్కడే టెన్షన్. బొంగరం అలిసిపోయేటప్పుడు తల గుండ్రంగా తిప్పుతుంది కదా, ప్రొపెల్లర్ కూడా అచ్చం అలాగే తిప్పగలదు. అమెరికాలో లాక్‌హీడ్ ఎలెక్ట్రా అని నాలుగు ఇంజిన్ల టర్బోప్రాప్ (ఏటీఆర్‌లాగే టర్బైన్‌తో ప్రొపెల్లర్ తిప్పే విమానం) ఉండేది. 1959 సెప్టెంబరులో టెక్సాస్‌లో ఒకటి గాల్లోనే రెక్క ఊడి కూలింది, 34 మంది పోయారు. ఆరు నెలలు తిరక్కుండానే, 1960 మార్చిలో ఇండియానాలో ఇంకొకటి, 63 మంది. ఇంజిన్ బిగింపు సడలడంతో ప్రొపెల్లర్ తల తిప్పడం మొదలుపెట్టింది. ఆ ఊపు రెక్క సహజంగా ఊగే వేగంతో కలిసేసరికి రెక్క విరిగింది. తర్వాత మౌంట్లు, నాసెల్, రెక్క బలపరిచారు, ఆ విమానాలు మళ్లీ ఎగిరాయి. మౌంట్‌లో ఏ ఒక్క భాగం తెగినా ఈ ఊపు పుట్టకూడదని ఇప్పుడు నిబంధన ఉంది. అందుకే ఈ పదార్థం ఎంత మెత్తన, ఎంత గట్టి అన్నది లెక్క కట్టి పెట్టేది. నా దృష్టిలో నాసెల్ మొత్తంలో కష్టమైన పని ఇదే. కిటికీలోంచి మాత్రం ఒక్క ముక్క కూడా కనబడదు!

ఏటీఆర్ లాంటిదే ఇంకో ప్రొపెల్లర్ విమానం క్యూ400, దానితో పోల్చమని చాలామంది అడుగుతుంటారు. అందులో వెనక చక్రాలు మడుచుకుని నాసెల్‌లోకే వెళ్తాయి. ఏటీఆర్‌లో చక్రాలు పొట్ట పక్కనున్న ఉబ్బులోకి పోతాయి కాబట్టి ఈ డొప్పకి ఇంజిన్ ఒక్కటే బాధ్యత. నా ఓటు దీనికే. కాకపోతే క్యూ400 చక్రాల కాళ్లు పొడుగ్గా, ఎడంగా ఉంటాయి, ఎక్కడానికి మెట్లు కూడా ఎక్కువ.

ఇంకో ముచ్చట. విమానం నిలబడి ఉన్నప్పుడు కుడి ప్రొపెల్లర్ ఆగే ఉంటుంది, కానీ ఇంజిన్ చప్పుడు వస్తూనే ఉంటుంది. చాలామంది పాడైందేమో అనుకుంటారు. దాన్ని హోటల్ మోడ్ అంటారు. ప్రొపెల్లర్‌ని తిప్పే టర్బైన్‌కి మిగతా ఇంజిన్‌తో బిగింపు లేదు, మధ్యలో వేడిగాలి మాత్రమే. అందుకే బ్రేక్ వేసి ప్రొపెల్లర్‌ని పట్టుకున్నా ఇంజిన్ నడుస్తూ కరెంటు, ఏసీ ఇస్తుంది. దీనికోసమే వేరే చిన్న ఇంజిన్ మోసుకెళ్లే బరువు తప్పింది. మనం ఎక్కేది ఎడమవైపు వెనక తలుపు నుంచి, అందుకే బ్రేక్ కుడివైపు ఇంజిన్‌కే పెట్టారు. ఇది మాత్రం పదికి పది.

అన్నట్టు, ఈ వీడియోలో బ్లేడ్లు అరటాకుల్లా వంగి కనబడుతున్నాయి కదా, అది నా ఫోన్ కెమెరా పని. ప్రొపెల్లర్ నిక్షేపంగా ఉంది.