డచ్ సినిమాకి రిలీజ్ డేట్ ఎలా కుదురుతుంది?

[తెర మీద: నెదర్లాండ్స్ క్యాలెండర్. గురువారాలన్నీ ఎర్ర రంగులో]

వాయిస్: సంక్రాంతి బరిలో ఎవరెవరున్నారో మనకి నెలల ముందే తెలిసిపోతుంది. డచ్ సినిమాకీ అలాంటి సీజన్లున్నాయి. కాకపోతే అక్కడ కొత్త బొమ్మ పడేది శుక్రవారం కాదు, గురువారం. థియేటర్ల వారం బుధవారంతో ముగుస్తుంది. సోమవారానికి వారాంతపు అంకెలు చేతికొస్తాయి. వచ్చే గురువారం నుంచి ఎవరికి ఎన్ని షోలన్నది వాటిని బట్టే. అంటే మొదటి నాలుగు రోజులే పరీక్ష. అందులో తేలిపోయిన సినిమాకి ముందు పోయేవి సాయంత్రం ఆటలు.

[తెర మీద: దేశపటం. ఉత్తర, మధ్య, దక్షిణ భాగాలు వేర్వేరు రంగుల్లో]

వాయిస్: పిల్లల సినిమాకి అక్టోబర్ బంగారం. శరదృతువు సెలవులు ఒక్క వారమే. అయితే బడుల లెక్కలో దేశం మూడు ప్రాంతాలు, అందరికీ ఒకే వారం సెలవులుండవు, మామూలుగా రెండు వారాల్లో రెండు బ్యాచ్‌లుగా వస్తాయి. మొదటి బ్యాచ్ సెలవులకి ముందే థియేటర్లో ఉన్న సినిమాకి రెండు సెలవు వారాలు కలిసొస్తాయి. ఒక్క వారం ఆలస్యమైతే ఒక బ్యాచ్ మొత్తం చేజారినట్టే.

ఇక సింటర్‌క్లాస్ పండుగ. సింటర్‌క్లాస్ అంటే క్రిస్మస్ తాతలాంటి డచ్ కానుకల తాత. డిసెంబర్ 5 రాత్రి పిల్లలకి కానుకలు ఇచ్చే సంబరం. నవంబర్ 11 దాటిన శనివారం సింటర్‌క్లాస్ ఊరేగింపుగా దేశంలోకి ‘వస్తాడు’, టీవీలో లైవ్ కూడా ఉంటుంది. ఈ పండుగ కథతో వచ్చే సినిమాకి 5వ తేదీతో గడువు తీరిపోతుంది. 6న దాన్ని చూడ్డానికి ఎవరూ రారు. అందుకే రిలీజ్ డేట్‌ని డిసెంబర్ 5 నుంచి వెనక్కి లెక్కపెట్టి పెట్టుకుంటారు. ‘అలెస్ ఈజ్ లీఫ్డె’ చూడండి. పండుగ చుట్టూ అల్లిన ప్రేమకథల కామెడీ, 2007 అక్టోబర్ 11న దిగింది. పండుగకి దాదాపు ఎనిమిది వారాల గడువు. మొత్తం 10 లక్షల టికెట్లు దాటింది.

[తెర మీద: సెప్టెంబర్ 1, 14, 30 తేదీల చుట్టూ గుండ్రాలు. సంవత్సరం 2006]

వాయిస్: పెద్దవాళ్లు చూసే సినిమాకి, అవార్డుల మీద కన్నున్న సినిమాకి సెప్టెంబర్ మేలు. పాల్ వర్‌హోవన్ తీసిన ‘జ్వార్ట్‌బుక్’ దీనికి చక్కటి పాఠం. 2006 సెప్టెంబర్ 1న వెనిస్ చలనచిత్రోత్సవంలో తొలి ప్రదర్శన. 14వ తేదీ, గురువారం, దేశమంతా రిలీజ్. నెల చివర్లో యూట్రెక్ట్‌లో నెదర్లాండ్స్ ఫిల్మ్ ఫెస్టివల్ మొదలైంది. అక్కడ ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటి విభాగాల్లో గోల్డెన్ కాఫ్ అవార్డులు, అంటే ఆ ఫెస్టివల్లో డచ్ సినిమాలకిచ్చే పురస్కారాలు. నటి కరీస్ ఫాన్ హౌటెన్. వెనిస్ వార్తలు చల్లారకముందే రిలీజ్, రిలీజ్ ఊపు తగ్గకముందే అవార్డులు.

14వ తేదీలో ఇంకో కిటుకుంది. ఆస్కార్ విదేశీ భాషా చిత్రాల విభాగానికి ఆ ఏడాది సెప్టెంబర్ 30లోపు స్వదేశంలో రిలీజై, వరుసగా ఏడు రోజులు ఆడి ఉండాలి. అక్టోబర్‌లో వస్తే లెక్క మరుసటి ఏడాదికి జారిపోతుంది. ‘జ్వార్ట్‌బుక్’ డచ్ ఎంట్రీగా వెళ్లి తొమ్మిది సినిమాల షార్ట్‌లిస్ట్ దాకా చేరింది, నామినేషన్ మాత్రం దక్కలేదు.

[తెర మీద: టికెట్ల బొమ్మ, పక్కన 1,00,000 – 4,00,000 – 10,00,000]

వాయిస్: అక్కడి పోస్టర్ మీద గ్రాస్, షేర్ వెతక్కండి. హిట్‌కి కొలమానం తలల లెక్క. లక్ష మంది చూస్తే గోల్డెన్ ఫిల్మ్, నాలుగు లక్షలకి ప్లాటినమ్, పది లక్షలకి డైమండ్. జనాభా 2 కోట్లు కూడా లేని దేశంలో లక్ష అంటే చిన్న మాటేం కాదు. ‘జ్వార్ట్‌బుక్’ గోల్డెన్ ఫిల్మ్ గీత దాటింది మూడు రోజుల్లో. పైగా టికెట్ ధర పెంచి ఈ అంకెని ఉబ్బించలేరు, నాకు నచ్చేది అదే.

జూలై, ఆగస్టు జోలికి డచ్ నిర్మాతలు పెద్దగా పోరు. అరుదుగా కాసే ఎండని వదిలి చీకటి హాల్లో కూర్చోరు జనం. ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఏడాదైతే జూన్ కూడా గండమే.

[తెర మీద: ఒకే సినిమా పేరు పక్కన మూడు తేదీల గడులు: ఉత్సవం, రిలీజ్, అవార్డు]

వాయిస్: ఏడాది సినిమాల జాబితా రాసుకునేవాళ్లు ఈ మూడు తేదీలూ వేరుగా పెట్టుకోండి. జనవరి చివర రాటర్‌డామ్ ఉత్సవంలో పడ్డ సినిమా థియేటర్‌కి ఎప్పుడొస్తుందో వేరే లెక్క. డచ్ సినిమా ‘కారాక్టర్’ రిలీజ్ 1997లో, విదేశీ చిత్రంగా ఆస్కార్ అందుకున్నది 1998లో. జాబితాలో అది 1997 కిందే రాయాలి.