ర్యాక్ ఖాళీగా ఉంటే పాస్తా ఎక్కడ వెతకాలి?

(స్క్రీన్ మీద: ఖాళీ ర్యాకులు)

హాయ్ అండి. సరుకుల కొరత అనగానే ముందు మాయమయ్యేవి పాస్తా, బియ్యం, పిండి, డబ్బా బీన్స్. 2020 మార్చిలో చాలా దేశాల్లో ఒకేసారి ఇదే చూశాం. అయితే సరుకు నిజంగా అయిపోయిందా, లేక ఎక్కడో ఉండి షాపు దాకా రాలేదా? ముందు ఇది తెలియాలి, ఎందుకంటే ఎక్కడ వెతకాలన్నది దీన్ని బట్టే ఉంటుంది.

సూపర్ మార్కెట్లు వెనకాల పెద్ద స్టాక్ ఏం పెట్టుకోవండి, రోజూ ఎంత అమ్ముడవుతుందో లెక్కేసుకుని దాదాపు అంతే తెప్పించుకుంటాయి, అలాంటప్పుడు ఒక ప్యాకెట్ కొనేవాళ్ళంతా మూడేసి తీసుకుంటే మధ్యాహ్నానికే ర్యాక్ ఖాళీ. ఫ్యాక్టరీలో సరుకు ఉంటుంది, లారీ రావాలి అంతే.

పిండి సంగతైతే ఇంకా చిత్రం. 2020లో బ్రిటన్‌లో మిల్లుల దగ్గర పిండికి లోటు లేదు, కానీ అక్కడ షాపుల్లో చిన్న ప్యాకెట్లుగా అమ్ముడయ్యేది మొత్తం పిండిలో 4 శాతమే, మిగతాదంతా బస్తాల్లో, ట్యాంకర్లలో బేకరీలకీ ఫ్యాక్టరీలకీ పోతుంది. చిన్న ప్యాకెట్లు నింపే మెషిన్లు రాత్రింబవళ్ళు నడిపినా చాల్లేదు. అంటే కొరత ప్యాకెట్‌కి, పిండికి కాదు!

అందుకే నేను చెప్పేది, ప్యాకెట్ దొరక్కపోతే బస్తా వెతకండి. హోల్‌సేల్ షాపులు, హోటళ్ళకి సరుకు వేసేవాళ్ళు, బేకరీలు... అడిగితే చాలామంది ఇస్తారు. పెద్ద బస్తా ఒక్క ఇంటికి ఎక్కువ కాబట్టి నాలుగైదు ఇళ్ళు కలిసి పంచుకోండి. చిన్న షాపులు కూడా వదలొద్దు, వాళ్ళకి సరుకు వేరే దారిలో వస్తుంది.

ఉన్న షాపులోనే ఇంకో పని చేయొచ్చు. అందరూ స్పగెట్టి, పెన్నె ఉండే ర్యాక్ దగ్గరే ఆగిపోతారు. సూప్‌లో వేసే చిన్న పాస్తా, లసాన్యా షీట్లు, గ్లూటెన్ లేని పాస్తా, వేరే దేశాల వంటల సరుకులు పెట్టే వరస, ఇవన్నీ చూడండి. లసాన్యా షీట్లు ముక్కలుగా విరిచి ఉడికిస్తే అదీ పాస్తానే కదా. లారీ ఏ రోజు వస్తుంది, ఎన్నింటికి సర్దుతారు అని స్టాఫ్‌ని మర్యాదగా అడగండి, కొరత రోజుల్లో వాళ్ళ మీద పడే ఒత్తిడి మామూలుది కాదు.

నిజంగా సరుకే తగ్గిన సందర్భాలూ ఉన్నాయి. 2021లో కెనడాలో కరువొచ్చి, పాస్తా చేసే డ్యూరమ్ గోధుమ పంట బాగా దెబ్బతింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో అక్కడి నుంచి ఎగుమతులు దెబ్బతిని సన్‌ఫ్లవర్ ఆయిల్‌కి కూడా కొరత వచ్చింది. అలాంటప్పుడు షాపులన్నీ తిరగడం వేస్ట్, వేరే దానికి మారిపోవడమే.

(స్క్రీన్ మీద: పిండి, గుడ్డు)

పాస్తా ఇంట్లోనే చేసుకోవచ్చు. 100 గ్రాముల మైదాకి ఒక గుడ్డు, బాగా పిసికి అరగంట మూతపెట్టి ఉంచి, పల్చగా ఒత్తి కోయడమే. గుడ్డు లేదా? సన్నగా ఆడించిన డ్యూరమ్ రవ్వ తీసుకుని, దాని బరువులో సగం గోరువెచ్చని నీళ్ళతో కలపండి. పల్చగా ఒత్తిన పచ్చి పాస్తా రెండు మూడు నిమిషాల్లో ఉడికిపోతుంది, పొయ్యి దగ్గరే ఉండండి.

డబ్బా బీన్స్ లేకపోతే ఎండు గింజలు చూడండి, అవి కింది అరలో ఉండిపోతుంటాయి. ఇక్కడ ఒక్కటి మాత్రం ప్లీజ్ గుర్తుపెట్టుకోండి. రాజ్మాని కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో తెర్లే మంట మీద ముందు 30 నిమిషాలు మరిగించి, తర్వాత మెత్తబడేదాకా ఉడికించాలి. అందులో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది, సన్నమంట మీద నడిచే స్లో కుక్కర్‌లో అది పోదు, వాంతులు పట్టుకుంటాయి.

ఎంత కొనాలంటారా, మనిషికి పూటకి 80 నుంచి 100 గ్రాముల ఎండు పాస్తా చాలు, 500 గ్రాముల ప్యాకెట్ ఐదుగురికి వస్తుంది. రెండు వారాలకి లెక్కేసుకుని వెళ్ళండి, మిగతాది మీ వెనక లైన్లో ఉన్నవాళ్ళకి. పొట్టుతో ఉన్న గోధుమ పిండి మాత్రం ఎక్కువ తెచ్చిపెట్టొద్దు, దాన్లో నూనె ఉంటుంది కాబట్టి తొందరగా ముక్కవాసన వస్తుంది, ఒకవేళ తెచ్చినా గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రీజర్లో పెట్టేయండి.