రైలెక్కడానికి ముందు పేజీలు

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ న్యూజెర్సీలో హైస్కూలు పిల్లలకి ఇంగ్లీషు చెప్తాను. నాజీల క్యాంపుల నుంచి బతికి బయటపడ్డ ఎలీ వీజెల్ తన అనుభవాల మీద రాసిన 'నైట్' మొదలుపెట్టిన ప్రతిసారీ మన తెలుగు తల్లిదండ్రులు ఎవరో ఒకరు అడుగుతారు, ఇంత భయంకరమైన పుస్తకం ఈ వయసు పిల్లలకి ఎందుకండీ అని. ఈ రాష్ట్రంలో 1994 నుంచి హోలోకాస్ట్, అంటే నాజీలు యూదుల్ని లక్షల సంఖ్యలో చంపడం గురించి చెప్పడం చట్టప్రకారం తప్పనిసరి. కానీ ఆ మాట చెప్పి తప్పించుకోవడం నాకిష్టం లేదు. యూదుల్ని చంపడానికి నాజీలు నడిపిన ఆష్‌విట్జ్ క్యాంపులో రైలు దిగేనాటికి ఎలీకి పదిహేనేళ్ళు, నా క్లాసులో పిల్లల వయసే. అందుకే చెప్తున్నాను.

ఈ పుస్తకం అనగానే అందరికీ గుర్తొచ్చేది క్యాంపు. నేను మాత్రం ఎక్కువ రోజులు మొదటి అధ్యాయం దగ్గరే ఉంటాను, అంటే అప్పట్లో హంగేరీలో ఉన్న సిఘెట్ అనే ఎలీ సొంతూళ్ళో, రైలు ఇంకా రాకముందు. అక్కడ సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, చిన్న పనులు చేసుకునే మోషే అనే పేదవాడుంటాడు. విదేశీయుడని అతన్నీ, అతనిలాంటి వాళ్ళందర్నీ హంగేరీ పోలీసులు ఊరి నుంచి పంపేస్తారు. నెలలు గడిచాక అతనొక్కడే తిరిగొస్తాడు. అడవిలో మాచేతే గోతులు తవ్వించి అందర్నీ కాల్చేశారు, కాలికి గుండు తగిలి చచ్చినవాడిలా పడి ఉండబట్టి బతికాను అని ఇల్లిల్లూ తిరిగి చెప్తాడు. ఎవరూ నమ్మరు. జాలి కోసం అల్లుతున్నాడంటారు, పిచ్చెక్కిందంటారు.

పిల్లలకి ఇక్కడ కోపం వస్తుంది, ఎందుకు నమ్మలేదు, అంత అమాయకులా అని. సరే, వాళ్ళకి అప్పటికి ఏం తెలుసో మాత్రమే రాయండి అంటాను. లండన్ రేడియో వింటున్నారు, జర్మనీ ఓడిపోతోంది, రష్యన్ సైన్యం దగ్గరికొస్తోంది, ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే చాలు. అలా రాసుకుంటూ వస్తే కోపం తగ్గి ఆలోచన మొదలవుతుంది.

ఆ తర్వాత బోర్డు మీద రెండు గడులు గీస్తాం. 1944 మార్చి 19న జర్మన్ సైన్యం హంగేరీలోకి వచ్చింది. ఒక గడిలో అక్కణ్ణుంచి జరిగినవి వరసగా: నాయకుల అరెస్టు, ఇల్లు కదలొద్దని ఆజ్ఞ, బంగారం అప్పగించాలని ఆజ్ఞ, బట్టల మీద పసుపు నక్షత్రం, రైళ్ళూ హోటళ్ళూ నిషేధం, ఆపైన యూదుల్ని ఒక పేటలో బంధించే ఘెట్టో. రెండో గడిలో ఆ పని చేసింది ఎవరు? వ్యాసాల్లో పిల్లలు "తీసుకెళ్ళిపోయారు" అని రాసేసి ముందుకెళ్ళిపోతారు. ఎవరు తీసుకెళ్ళారు, పేరు పెట్టు అంటాను. హంగేరీ నుంచి మే 15, జూలై 9 మధ్య దాదాపు 4,40,000 మంది యూదుల్ని తరలించారు, వాళ్ళలో ఎక్కువమందిని ఆష్‌విట్జ్‌కే. తరలింపులు నడిపిన నాజీ అధికారి ఐఖ్‌మన్ వెంట వచ్చిన చిన్న బృందం వల్ల ఒక్కదాని వల్లే అయ్యే పని కాదది. ఊళ్ళో పోలీసులు, జాబితాలు రాసిన గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు, అందరి చేతులూ పడ్డాయి.

ఒక పేజీ మనవాళ్ళ పిల్లల్ని బాగా పట్టేస్తుంది. పాలస్తీనా వెళ్ళడానికి పత్రాలు ఇంకా దొరుకుతున్న రోజుల్లో, అన్నీ అమ్మేసి వెళ్ళిపోదాం నాన్నా అంటాడు ఎలీ. నాకు వయసైపోయింది, దూరదేశంలో మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టలేను అంటాడు తండ్రి. మీరంతా అలా మొదలుపెట్టి వచ్చినవాళ్ళే కదా. అదెంత కష్టమో మీ పిల్లలు ఇంట్లో చూశారు, అందుకే ఆ తండ్రిని తప్పుపట్టడానికి వాళ్ళు తొందరపడరు.

నేను చెయ్యనివీ ఉన్నాయి. కొందర్ని ఖైదీలుగా, కొందర్ని సైనికులుగా నిలబెట్టి ఆడించడం చెయ్యను. ఎయిర్ కండిషన్ గదిలో పది నిమిషాల నాటకమాడి ఆ బాధ మాకూ అర్థమైంది అని పిల్లలు అనుకోవడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. చివర్లో బూఖెన్‌వాల్డ్ క్యాంపులో తండ్రి కొడుకు పేరు పెట్టి పిలుస్తూ పోయే చోట, భయంతో కదలని ఆ కొడుకు గురించి "నువ్వైతే ఏం చేసేవాడివి" అని కూడా అడగను. ఆ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పగల పిల్లాడు ఉండడు, పెద్దాళ్ళం మనమూ చెప్పలేం.

పుస్తకం పక్కన ఒక ఫొటో ఆల్బమ్ పెడతాను. హంగేరీ నుంచి రైళ్ళు దిగినవాళ్ళని 1944లో ఆష్‌విట్జ్‌లో ఎస్‌ఎస్ అనే నాజీ దళం వాళ్ళే తీసిన ఫొటోలవి. అదే క్యాంపు, అవే నెలలు. అలా దిగినవాళ్ళలో ఒకరైన లిలీ జేకబ్‌కి విడుదలయ్యాక మరో క్యాంపులో ఆ ఆల్బమ్ దొరికింది, తెరిస్తే అందులో తనవాళ్ళే కనిపించారు. ఆ ఫొటోల్లో తల్లులు పిల్లల్ని పట్టుకుని చెట్ల కింద కూర్చుని ఎదురుచూస్తుంటారు. కెమెరా చంపేవాళ్ళ చేతిలో ఉంది. ఆ తల్లుల, పిల్లల పేర్లు, ఇళ్ళు, అంతకుముందు వారం ఏం మాట్లాడుకున్నారు, ఇవేవీ ఆ కెమెరాకి పట్టవు. అవి తెలియాలంటే బతికి బయటపడ్డవాళ్ళు రాస్తేనే. వీజెల్ పదేళ్ళు దీని గురించి ఏమీ రాయలేదు. 1956లో ఈ పుస్తకం మొదట తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో, అర్జెంటీనాలో వచ్చింది. దాన్ని బాగా కుదించి 1958లో ఫ్రెంచిలో వేశారు. ఇప్పుడు మన పిల్లలు చదివేది ఆ చిన్న పుస్తకమే.

మీరూ చదవండి, ఒక్క ఆదివారం చాలు. పిల్లలు రెండు మూడు రోజులు సరిగ్గా మాట్లాడకపోతే టెన్షన్ పడి పుస్తకం లాక్కోవద్దు, ఓదార్పు మాటలూ అప్పుడే వద్దు. ఏ పేజీలో ఉన్నావు అని అడిగి పక్కన కూర్చోండి. పూజగదిలో స్వస్తిక్ గురించి అడిగితే, మనకది వేల ఏళ్ళుగా శుభచిహ్నమని చెప్పండి, యూదు స్నేహితుడికి అదెందుకు వణుకు పుట్టిస్తుందో కూడా అదే నోటితో చెప్పండి. వచ్చే నెల మొదటి అధ్యాయంతో మొదలుపెడుతున్నాం. ఇంక మీ ప్రశ్నలు అడగండి.