ఒక్క పక్షి కోసం నిలబెట్టిన కొండలు: హెదర్ మూర్‌లు, గ్రౌస్ వేట

సభకు నమస్కారం.

లీడ్స్, షెఫీల్డ్, న్యూకాసిల్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు ఏటా ఆగస్టులో పిల్లలను తీసుకుని కొండల మీదికి వెళ్లడం, కనుచూపు మేర పరచుకున్న ఊదారంగు పూల మధ్య ఫొటోలు దిగడం మామూలే. ఆ పూలు హెదర్ అనే మోకాలెత్తు పొదవి. హెదర్ కప్పిన ఆ చల్లని, తడి కొండ నేలను మూర్ అంటారు. చెట్టూ ఇల్లూ లేని ఆ విశాలాన్ని చూసి, ఇది మనిషి చెయ్యి పడని నేల అనుకుంటాం. నిజానికి అది ఎంతో శ్రద్ధగా, ఎంతో ఖర్చుతో సాగవుతున్న నేల. అక్కడ పండించే పంట రెడ్ గ్రౌస్ అనే పక్షి. ఆ కొండల మీద నిప్పు గురించీ, గద్దల గురించీ, మందుల గురించీ నడుస్తున్న తగాదాలన్నిటికీ మూలం, ఒక్క రోజు వేటకు ఎన్ని పక్షులు కావాలని యజమాని కోరుకుంటున్నాడన్న లెక్కలోనే ఉందని నేను నమ్ముతున్నాను. అలా ఎందుకు నమ్ముతున్నానో ఈ సాయంత్రం మీ ముందు పెడతాను.

రెడ్ గ్రౌస్ మన కౌజు పిట్ట కంటే పెద్దది, నాటుకోడి కంటే చిన్నది. ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగు ఒళ్లు, వేళ్ల దాకా ఈకలు కప్పిన కాళ్లు. ఈ పక్షి బ్రిటన్, ఐర్లండ్ దీవుల్లో తప్ప సహజంగా మరెక్కడా ఉండదు. నార్వే, స్వీడన్ కొండల్లో తిరిగే విల్లో గ్రౌస్ దీనికి అతి దగ్గరి చుట్టం; అది చలికాలంలో తెల్లబడుతుంది, ఇది తెల్లబడదు. దీని ఆహారంలో సింహభాగం హెదర్ లేత చిగుళ్లే. ఫెజెంట్ పక్షులను లక్షల సంఖ్యలో ఫారాల్లో పెంచి వేటకు వదిలినట్టు గ్రౌస్‌ను పెంచి వదలడం సాగదు. కాబట్టి గ్రౌస్ ఎక్కువ కావాలంటే పక్షిని వదిలి నేలను మార్చాలి. మిగతా కథంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

వేట కాలాన్ని 1831 నాటి చట్టం నిర్ణయించింది: ఆగస్టు 12 నుంచి డిసెంబరు 10 వరకు. ఈ వేటలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది పాత పద్ధతి: ఇద్దరు ముగ్గురు వేటగాళ్లు కుక్కలతో మూర్ మీద నడుస్తూ, లేచిన పక్షిని కొట్టడం. రోజంతా నడిచినా కొద్ది పక్షులే దొరుకుతాయి, దానికి పక్షులు పలచగా ఉన్నా చాలు. రెండోది తోలుడు వేట. ఇందులో వేటగాళ్లు నడవరు. కొండవాలు మీద వరసగా కట్టిన, రాళ్లూ గడ్డి పెళ్లలూ పేర్చిన ఛాతీ ఎత్తు గోడల వెనక నిలబడతారు. ఆ మరుగులను బట్‌లు అంటారు. జెండాలు పట్టుకున్న పాతిక ముప్పై మంది మనుషులు చాలా దూరం నుంచి బారుగా నడిచి వస్తూ పక్షులను లేపి, బట్‌ల వైపు తోలతారు. గ్రౌస్ నేలను ఒరుసుకుంటూ, కొండ వంపులను అనుసరిస్తూ, గాలి వాటంగా ఉంటే కారు వేగంతో దూసుకొస్తుంది. గురి పెట్టడానికి దొరికేది రెండు మూడు సెకన్లు. ఈ కష్టమే ఆ వేటకు అంత గిరాకీ తెచ్చింది. ఇక్కడ పక్షులను జతల్లో లెక్కపెడతారు. నేడు ఒక జతకు 150 పౌండ్లకు పైగా చెల్లించి వేటాడేవారున్నారు. ఎస్టేట్ అమ్మకానికి వస్తే దాని ధర కూడా ఏటా ఎన్ని జతలు పడతాయన్న సగటును బట్టి కడతారు.

తోలుడు వేట పందొమ్మిదో శతాబ్దం మధ్యలో స్థిరపడింది. వెనక నుంచి తూటా నింపే తుపాకీ వచ్చింది, లండన్ నుంచి స్కాట్లండ్ దాకా రైలు వచ్చింది, విక్టోరియా రాణి కుటుంబం 1852లో బాల్మోరల్ ఎస్టేట్ కొన్నాక కొండల్లో వేట పెద్దింటి మర్యాద అయింది. 1888 ఆగస్టు 30న యార్క్‌షైర్‌లోని బ్లబ్బర్‌హౌసెస్ మూర్ మీద లార్డ్ వాల్సింగమ్ ఒక్కడే ఒక్క రోజులో 1,070 గ్రౌస్‌లను కొట్టాడు. 1915 ఆగస్టు 12న, ఒకపక్క ప్రపంచ యుద్ధం సాగుతుండగానే, లాంకషైర్‌లోని లిటిల్‌డేల్, అబీస్టెడ్ మూర్‌ల మీద ఎనిమిది తుపాకులు ఒక్క రోజులో 2,929 పక్షులను పడగొట్టాయి. ఈ అంకెలు వినడానికి ఒళ్లు జలదరిస్తుంది గాని, నేను వీటిని చెప్పింది వేరే కారణానికి: ఇన్ని పక్షులు ఒకే కొండ మీద ఉండటం ప్రకృతిలో జరిగే పని కాదు. ఎవరో పనిగట్టుకుని ఉండేలా చేయాలి. ఆ పని చేసే మనిషి గేమ్‌కీపర్.

కీపర్ పనుల్లో మొదటిది నిప్పు. గ్రౌస్ తినడానికి లేత హెదర్ కావాలి, గూడు కట్టడానికి, గద్ద కంట పడకుండా దాక్కోవడానికి ముదురు హెదర్ కావాలి. రెండూ పక్కపక్కనే ఉండాలి. మగ పక్షి తన హద్దుగా పట్టుకునే జాగాలో ఆ రెండూ ఉంటే జాగా చిన్నదైనా సరిపోతుంది, అప్పుడు అదే కొండ మీద ఎక్కువ జంటలు సర్దుకుంటాయి. అందుకే కొండను ఇరవై ముప్పై మీటర్ల వెడల్పు పట్టీలుగా విడగొట్టి, ఒక్కో పట్టీని పది పదిహేనేళ్లకు ఒకసారి వంతులవారీగా కాలుస్తారు. దూరం నుంచి చూస్తే కొండ మీద గళ్ల దుప్పటి పరిచినట్టు కనిపించేది అందుకే. కాల్చే కాలం ఇంగ్లండ్ కొండల్లో అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు. మంచి కీపర్ నేల తడిగా, పొద పైభాగం పొడిగా ఉన్న రోజు కోసం వారాల తరబడి కాచుకుంటాడు. మంట కొమ్మలను తిని, అడుగున ఉన్న నాచును తడి ఆరకుండా వదిలి ముందుకు సాగిపోవాలి. అలా కాలిస్తే మొదలు నుంచి మళ్లీ చిగురు వస్తుంది. పొద మరీ ముదిరిపోయాక కాలిస్తే మంట వేడెక్కి మొదలు చచ్చిపోతుంది, ఇక విత్తనం మొలకెత్తే దాకా ఆగాలి. ఇది తరాలుగా చేతి నుంచి చేతికి వచ్చిన నేర్పు, దాన్ని చులకన చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను.

కానీ ఆ నిప్పు ఏ నేల మీద పెడుతున్నారన్నది అసలు ప్రశ్న. పలచటి ఇసుక నేల మీద పెరిగిన పొడి హెదర్ ఒక రకం. పీట్ మీద పెరిగిన హెదర్ మరో రకం. పీట్ అంటే స్ఫాగ్నం నాచు, ఇతర మొక్కలు నీట మునిగి, పూర్తిగా కుళ్లకుండా పొరలు పొరలుగా పేరుకున్న నల్లటి నేల. అది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే మీటరు లోతు పీట్‌కు వెయ్యేళ్లు. బ్రిటన్ పీట్ నేలల్లో మూడు వందల కోట్ల టన్నుల వరకు కార్బన్ దాగి ఉందని అంచనా. ఇలాంటి నేల తడిగా ఉంటేనే బతుకుతుంది. పదే పదే కాలిస్తే నాచు తగ్గి హెదర్ పెరుగుతుంది, పై పొర ఎండుతుంది, వాగు నీరు టీ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు తీయడానికి నీటి కంపెనీలు పెట్టే ఖర్చు చివరికి మన బిల్లుల్లోకే వస్తుంది. దీనికి తోడు 1960, 70 దశకాల్లో ప్రభుత్వమే సబ్సిడీలిచ్చి కొండల మీద కాలువలు తవ్వించి తడి ఆర్చింది. ఇప్పుడు మళ్లీ ప్రభుత్వ సొమ్ముతోనే ఆ కాలువలను పూడుస్తున్నారు. 2021లో ఇంగ్లండ్ నిబంధనలు రక్షిత ప్రాంతాల్లో 40 సెంటీమీటర్లకు మించిన లోతు పీట్ మీద లైసెన్సు లేకుండా కాల్చడాన్ని నిషేధించాయి. 2025లో ఆ హద్దును 30 సెంటీమీటర్లకు దించి, మరింత విస్తీర్ణానికి వర్తింపజేశారు.

కీపర్ల వాదనా వినాలి. కాల్చకుండా వదిలేస్తే ముదురు హెదర్ పేరుకుని, వేసవిలో ఒక్క నిప్పురవ్వకు కొండంతా అంటుకుంటుందని వారంటారు. 2018 జూన్‌లో మాంచెస్టర్ పక్కనున్న శాడిల్‌వర్త్ మూర్ తగలబడి, సైన్యాన్ని దించాల్సి వచ్చిన సంగతి మీలో కొందరు ఆ పొగ పీల్చి తెలుసుకున్నవారే. ఆ భయం నిజమైనదే. పొడి హెదర్ నేలల్లో వారి మాటకు బలం ఉంది. లోతైన పీట్ మీద మాత్రం నేలను మళ్లీ తడిపి నాచును నిలబెట్టడమే నమ్మకమైన రక్ష అని నేను భావిస్తాను, ఎందుకంటే నీళ్లు నిండిన నాచు అంత తేలిగ్గా అంటుకోదు.

రెండో పని మందు. గ్రౌస్ సంఖ్య కొన్నేళ్లు పెరిగి హఠాత్తుగా కుప్పకూలడం, మళ్లీ పెరగడం పాత సంగతి. దీనికి కారణం వెదకడానికి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లార్డ్ లోవాట్ అధ్యక్షతన ఒక విచారణ సంఘం ఏర్పడింది. దాని కోసం చచ్చిన గ్రౌస్‌లను కోసి పరీక్షించిన వైద్యుడు ఎడ్వర్డ్ విల్సన్. తర్వాత అన్వేషకుడు స్కాట్‌తో పాటు దక్షిణ ధ్రువం చేరి, తిరుగుదారిలో 1912లో మంచులో మరణించింది ఈయనే. ప్రధాన దోషిగా తేలింది వెంట్రుక లాంటి సన్నటి పేగు పురుగు. దాని దారి చూడండి. గ్రౌస్ రెండు రకాల రెట్ట వేస్తుంది: పొడి పొడిగా ఉండే పీచు గుళికలు ఒకటి, జిగటగా ఉండే గోధుమరంగు ముద్ద మరొకటి. ఆ జిగట ముద్దలో పురుగు గుడ్లుంటాయి. గుడ్ల నుంచి వచ్చిన పిల్ల పురుగులు తడిగా ఉన్న రోజుల్లో హెదర్ కాండం పట్టుకుని పైకి పాకి, చిగురు కొసన నిలిచిన నీటిబొట్టులో చేరతాయి. గ్రౌస్ కొరికేది సరిగ్గా ఆ చిగురునే. పక్షులు ఎంత కిక్కిరిసి ఉంటే పురుగు అంత పెరుగుతుంది. మోయలేనంత పెరిగిన ఏడాది పక్షులు బక్కచిక్కి, గుడ్లు తగ్గి, సంఖ్య కూలిపోతుంది. ఈ కూలుడును ఆపడానికి, గ్రౌస్ మేత అరిగించుకోవడానికి మింగే చిన్న చిన్న పలుగు రాళ్లకు కొవ్వుతో కలిపి ఫ్లుబెండజోల్ అనే పురుగుల మందు పూసి, మూర్ అంతటా చిన్న పెట్టెల్లో ఉంచుతారు. 1998లో హడ్సన్, డాబ్సన్, న్యూబోర్న్ అనే శాస్త్రవేత్తలు పక్షులను పట్టి మందు తాగించి, పురుగు తగ్గితే ఆ కూలుడు ఆగుతుందని చూపించారు. శాస్త్రంగా అది గొప్ప పని. కానీ గుంపు వల్ల వచ్చిన రోగాన్ని గుంపు తగ్గకుండా మందుతో అణచడం అంటే, అడవి పక్షిని మెల్లగా కోళ్ల ఫారం పద్ధతిలోకి దించడమే.

మూడో పని శత్రు సంహారం. నక్కలు, కాకులు, ముంగిసను పోలిన స్టోట్ అనే చిన్న వేట జంతువులను చంపడానికి చట్టం అనుమతిస్తుంది. దానివల్ల గ్రౌస్ ఒక్కటే బాగుపడదు. నార్తంబర్లండ్‌లోని ఆటర్‌బర్న్ దగ్గర చేసిన ప్రయోగంలో, ఈ నియంత్రణ ఉన్నచోట కర్లూ, లాప్‌వింగ్, గోల్డెన్ ప్లవర్ వంటి నేల మీద గూడు పెట్టే పక్షులు పిల్లలను లేపడంలో సుమారు మూడు రెట్లు ఎక్కువగా సఫలమయ్యాయి. దేశమంతటా కర్లూ తగ్గిపోతున్న ఈ రోజుల్లో ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు.

గద్దల విషయం వేరు. 1954 నుంచి వాటికి చట్టరక్షణ ఉంది. అయినా హెన్ హారియర్ గతి చూడండి. ఇది చలికాలంలో మన కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు గడ్డి మైదానాలకు వచ్చే పిల్లి గద్దలకు దగ్గరి చుట్టం. మగది వెండి బూడిదరంగు, రెక్కల కొసలు నలుపు. అది ఎరను పట్టి తెచ్చి గాలిలో వదిలితే, కింద నుంచి లేచిన ఆడది వెల్లకిలా తిరిగి కాళ్లతో అందుకుంటుంది. 2013లో ఇంగ్లండ్ మొత్తం మీద ఒక్క జంట కూడా పిల్లలను లేపలేకపోయింది. 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఉపగ్రహ ట్యాగులు కట్టిన 58 హారియర్లలో 72 శాతాన్ని చట్టవిరుద్ధంగా చంపారు, లేదా చంపి ఉండే అవకాశం చాలా ఎక్కువ. తర్వాత కొంత మెరుగై 2023లో 54 గూళ్లు నమోదయ్యాయి, మరుసటి ఏడు మళ్లీ తగ్గాయి.

స్కాట్లండ్ సరిహద్దు దగ్గరి లాంగమ్ పట్టణపు మూర్ ఈ సమస్యను అన్నిటికంటే లోతుగా చూపించింది. అక్కడ 1992 నుంచి 1997 వరకు గద్దలను పూర్తిగా కాపాడి ఫలితం చూశారు. గూడు పెట్టే ఆడ హారియర్లు రెండు నుంచి ఇరవై దాకా పెరిగాయి; వేసవిలో గ్రౌస్ పిల్లల్లో మూడో వంతుకు పైగా తినేశాయి; తోలుడు వేట ఆగిపోయింది. గద్దే దోషి అని చాలామంది అక్కడితో ఆగారు. కానీ అంతకు ముందు, 1948కీ 1988కీ మధ్య, గొర్రెల మేత వల్ల ఆ మూర్ మీద హెదర్ దాదాపు సగం పోయి గడ్డి వచ్చింది. గడ్డితో పాటు ఎలుక జాతి జీవులు, పిపిట్ పిట్టలు పెరిగాయి. హారియర్లను రప్పించినవి అవే. వచ్చిన గద్ద గ్రౌస్ పిల్లలను కూడా పట్టింది. గూళ్ల దగ్గర కోడిపిల్లలు, తెల్ల ఎలుకల కళేబరాలు పెడితే హారియర్లు గ్రౌస్ పిల్లలను తేవడం 86 శాతం తగ్గిందని కూడా అక్కడే తేలింది. 2008 నుంచి పదేళ్లు మళ్లీ ప్రయత్నించారు. గ్రౌస్ పెరిగాయి గాని, తోలుడు వేటకు గిట్టుబాటయ్యేటంత పెరగలేదు. నడక వేటకైతే ఆ సంఖ్య సరిపోయేదని నా అభిప్రాయం. ఇప్పుడా నేలను ఊరివాళ్లు చందాలు, విరాళాలు పోగు చేసి బక్లూ ఎస్టేట్ నుంచి 2021, 2022లలో రెండు విడతలుగా కొన్నారు. పదివేల ఐదువందల ఎకరాల టారస్ వ్యాలీ అభయారణ్యం అదే.

నార్వేలో, స్వీడన్‌లో విల్లో గ్రౌస్‌ను కుక్కలతో నడిచి వేటాడతారు. పక్షులు పలచగా ఉంటాయి, గద్ద వాటా గద్ద తీసుకుంటుంది, ఆ పక్షి కోసం కొండలను గళ్లుగా కాల్చరు. వేట అక్కడా ఉంది, మన ఇంటి పక్క మూర్‌ల మీద ఉన్న తగాదా లేదు. తేడా సంఖ్యలోనే ఉంది. స్కాట్లండ్ 2024లో చట్టం చేసి గ్రౌస్ వేటకూ, మూర్ కాల్చడానికీ లైసెన్సు తప్పనిసరి చేసింది. ఎస్టేట్‌లో గద్దను చంపినట్టు తేలితే లైసెన్సు పోవచ్చు. ఇంగ్లండ్‌లో తోలుడు వేటను నిషేధించమన్న వినతిపై లక్ష సంతకాలు దాటి 2016లోనూ 2025లోనూ పార్లమెంటులో చర్చ జరిగింది, ప్రభుత్వం రెండుసార్లూ ఒప్పుకోలేదు. నేను నిషేధం కంటే ముందు స్కాట్లండ్ తరహా లైసెన్సును కోరతాను. తప్పు చేసిన ఎస్టేట్ యజమానికి నష్టం కలిగితేనే, జీతానికీ, ఎస్టేట్ ఇచ్చిన ఇంటికీ కట్టుబడి ఉన్న కీపర్ మీద ఒత్తిడి తగ్గుతుంది.

గద్దలను చంపే ఈ నేరాలకు సాక్ష్యం దొరకడం చాలా కష్టం, దొరికినప్పుడు తరచుగా అది మనలాగా నడకకు వెళ్లినవారి కంట పడటం వల్లే. మూర్ మీద చచ్చిన గద్ద కనిపిస్తే ముట్టుకోకండి, పిల్లలనూ కుక్కనూ దగ్గరికి రానివ్వకండి. విషం పెట్టి ఉండవచ్చు, అందులో కొన్ని విషాలు చర్మం ద్వారా కూడా ఎక్కుతాయి. ఫొటోలు తీసి, ఫోన్‌లో ఆ చోటు గుర్తించి, 101కు ఫోన్ చేసి వన్యప్రాణి నేరాలు చూసే పోలీసు అధికారికి అందజేయమని అడగండి. మార్చి 1 నుంచి జులై 31 వరకు పక్షులు నేల మీద గూళ్లు పెట్టే కాలం కాబట్టి, అందరికీ ప్రవేశమున్న ఆ నేలల్లో కుక్కను రెండు మీటర్లకు మించని తాడుతో పట్టుకోవాలి. కొన్ని గ్రౌస్ మూర్‌ల మీద కుక్కలకు అసలు ప్రవేశమే ఉండదు, గేటు దగ్గర బోర్డు చదివి వెళ్లండి. ఎండాకాలంలో పొయ్యిలూ బార్బెక్యూలూ ఇంట్లోనే వదిలి వెళ్లండి.