రెండు ఆరు మూలల ముక్కలతో క్రోషా కార్డిగన్: కొలత నుంచి కుట్టుదాకా

నమస్కారం అండీ. ఇవాళ ఆరు మూలల ముక్కలు రెండు అల్లి, మడిచి, కార్డిగన్, అంటే ముందు తెరుచుకునే స్వెటర్ చేద్దాం. చేతికొక ముక్క, వీపుకొక ముక్క అనేది ఇందులో లేదు. ఒక్కో ముక్కలో సగం ఒళ్లు, ఒక చెయ్యి రెండూ వచ్చేస్తాయి.

ముందు దారం. నెల్లూరు, ఒంగోలు ఉక్కలో అక్రిలిక్ ఊలు ఒంటికి అతుక్కుంటుంది, వద్దు. 8 ప్లై (మధ్యస్థ మందం) కాటన్, 4 మిల్లీమీటర్ల హుక్ తీసుకోండి. 36 అంగుళాల ఛాతీకి 700 గ్రాములు దగ్గర పెట్టుకోండి. ట్రంకు రోడ్డులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ఉండలన్నిటి మీదా లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పే అంకె) ఒకటే ఉండాలి. చాలక మళ్లీ తెచ్చారనుకోండి, రంగు తేడా సరిగ్గా వీపు మధ్యలో తేలుతుంది.

కొలతకి వద్దాం. 36కి వదులు 4 కలిపితే 40. దాన్ని 4తో భాగిస్తే 10. ముక్క నడిమధ్య నుంచి అంచు మధ్యకి 10 అంగుళాలు రావాలి. మూలదాకా కొలవకండి, అక్కడ ఎక్కువ చూపిస్తుంది. 4 అంగుళాల్లో 16 కుట్లు, ఎనిమిదిన్నర వరసలు పడే చేతికి ఇది 21 వరసలు. బిగువు చెయ్యి అయితే ఇంకా వెయ్యాల్సి వస్తుంది. కాబట్టి టేపు పెట్టి ఆపండి.

మొదలుపెడదాం. దారం కొసతో చేసి బిగించే చుట్ట, అంటే మ్యాజిక్ రింగ్‌లో 3 చైన్లు (గొలుసు కుట్లు), ఇది మొదటి డబుల్ క్రోషే కింద లెక్క. ఇంకో డబుల్, తర్వాత 2 చైన్లు. తర్వాత 2 డబుల్, 2 చైన్లు చొప్పున ఇంకో 5 సార్లు. కుట్టులోంచి దారం నేరుగా లాగే స్లిప్ స్టిచ్‌తో కలపండి. డబుల్ అంటే హుక్ మీద దారం ఒకసారి చుట్టి వేసేది, గుర్తుంచుకోండి. 12 కుట్లు, 6 మూలలు వచ్చాయి.

రెండో వరస నుంచి చివరిదాకా ఒకటే పద్ధతి. ప్రతి మూల ఖాళీలో 2 డబుల్, 2 చైన్లు, 2 డబుల్. మధ్యలో కుట్టు మీద కుట్టు. వైపుకి 2, 6, 10, 14, ఇలా నాలుగేసి పెరుగుతాయి. వరస నంబరుని 4తో గుణించి 2 తీసెయ్యండి. 21వ వరసకి 82 ఉండాలి.

ఇదిగో, ఇక్కడ దగ్గరగా చూడండి. మూలలో 2 డబుల్ వేసి ఇటు తిరగ్గానే, కింది వరస మొదటి కుట్టు వాటి వెనక్కి నక్కింది. బొటనవేలితో మూలని అటు తోస్తే బయటికొస్తుంది. ఎక్కువమందికి లెక్క తప్పేది ఈ కుట్టు వదిలెయ్యడంతోనే. ప్రతి వరసా ఒకే వైపు నుంచి వేస్తూ పోతే ముక్క మెల్లగా పక్కకి మెలి తిరుగుతుంది. వరస అవగానే తిప్పి వేసుకోండి.

నాలుగో వరసకల్లా ముక్క నూనెలో పడ్డ అప్పడంలా లేస్తుంది. విప్పెయ్యకండి, లేవాల్సిందే! ఇదే పెంపుతో 4 మూలలుంటే బల్ల మీద చదునుగా పరుచుకునేది. మనకి 6 మూలలు, అంటే దానికి ఒకటిన్నర రెట్లు బట్ట. చదునుగా పడిందంటేనే అనుమానించాలి, మూలల్లో నాలుగుకి బదులు రెండే వేసుంటారు.

మొదటి ముక్క అయ్యాక వంటింటి తూకం మీద పెట్టండి. మిగిలిన దారంలో రెండో ముక్క పోను 120 గ్రాములైనా మిగలాలి, చేతులకి, పట్టీలకి.

ఇక మడత. ఎదురెదురు అంచులు రెండు తీసుకుని, ఒక్కోదాన్నీ సగానికి మడవండి. మూడు మూలల మీద మూడు మూలలు కూర్చుంటాయి, ముక్క మూలమట్టంలా వంగుతుంది. వంపు లోపలికొచ్చిన నడిమధ్యే చంక. మడిచిన అంచుల్లో ఒకటి చేతి కొస, రెండోది కింది అంచు. రెండో ముక్కని ఎదురుగా, అద్దంలో కనబడినట్టు పెట్టండి.

వీపు మధ్య అంచులు రెండూ పూర్తిగా కుట్టండి. భుజం మాత్రం చేతి కొస నుంచి 68 కుట్లే, మెడ దగ్గర 14 వదలండి. వెనక రెండు ముక్కలవీ కలిస్తే 28, అంటే మెడకి 7 అంగుళాలు. సూదితో, వెనక పోగులు మాత్రం పట్టి కుట్టాలి. సింగిల్ క్రోషేతో (హుక్ మీద దారం చుట్టకుండా వేసే కుట్టు) కలిపితే భుజం మీద గట్టు లేస్తుంది. దారం గట్టిగా లాగితే చెయ్యి పైకెక్కుతుంది.

చేతి కొస చుట్టూ 82 కుట్లు, చాలా వెడల్పు. చంక వైపు మడత దగ్గర వరసకి 2 తగ్గిస్తూ 12 వరసలు వేస్తే 58 మిగులుతాయి, చెయ్యి దాదాపు మణికట్టు దగ్గరికి వస్తుంది. ముప్పావు చెయ్యి చాలనుకుంటే 4 వరసలతో ఆపండి. ఆఖరున 3.5 హుక్‌తో పట్టీ. ముందు అంచులకి, మెడకి సింగిల్ క్రోషే 3 వరసలు చాలు. అంచు అలలు తిరిగితే కుట్లు ఎక్కువైనట్టు, ముడుచుకుంటే తక్కువైనట్టు.

ఉతికాక హ్యాంగర్‌కి తగిలించకండి, తడి కాటన్ బరువుకి మోకాళ్లదాకా సాగుతుంది. తువ్వాల్లో చుట్టి నీళ్లు ఒత్తేసి, చాప మీద నీడలో పరవండి. కార్తీకం వానల్లో అయితే ఫ్యాను కిందే ఆరబెట్టండి, లేకపోతే ముక్కిన వాసన వస్తుంది.