అర్ధరాత్రి స్టేషన్‌లో ఎవరున్నారు?

శ్రోతలకు నమస్కారం.

2002 జనవరి 18. అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రం, మైనాట్ పట్టణం. రాత్రి ఒకటిన్నర దాటింది. ఎముకలు కొరికే చలి. ఊరి అంచున గూడ్సు రైలు పట్టాలు తప్పింది. ట్యాంకర్లు పగిలి అమోనియా ఇళ్ల మీదికి కమ్ముకొచ్చింది. బయటికి పరుగెత్తాలా, తలుపులు బిగించుకుని లోపలే ఉండాలా? జనానికి కావలసింది ఆ ఒక్క మాట. రేడియోలో అది వెంటనే రాలేదు.

ఊళ్లోని ఆరు కమర్షియల్ స్టేషన్లు క్లియర్ చానల్ అనే ఒకే కంపెనీవి. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదని పోలీసులు అన్నారు. రేడియోలో అత్యవసర హెచ్చరిక వినిపించే అలర్ట్ యంత్రాన్ని పోలీసులే సరిగా వాడలేదని కంపెనీ అంది. తప్పు ఎవరిదైనా ఒకరు చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. ఆరు స్టేషన్లకూ ఆరుగురు యజమానులు ఉండి ఉంటే, ఒక్కచోటైనా ఎవరో ఒకరు మేలుకుని ఉండేవారు కదా అనిపిస్తుంది నాకు.

అంతకు ఆరేళ్ల ముందు దాకా అమెరికాలో ఒక కంపెనీకి దేశం మొత్తమ్మీద 40 రేడియో స్టేషన్లకు మించి ఉండకూడదు. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఆ పరిమితిని ఎత్తేసింది. కొద్ది ఏళ్లలోనే క్లియర్ చానల్ చేతిలో సుమారు 1,200 స్టేషన్లు చేరాయి. అన్ని స్టేషన్లకూ మనుషుల్ని పెడితే ఖర్చు. అందుకే వాయిస్ ట్రాకింగ్ బాగా పెరిగింది. ఎక్కడో నగరంలో కూర్చున్న అనౌన్సర్ ముందే రికార్డు చేసి పంపుతాడు, మధ్యలో మీ ఊరి పేరు కలుపుతాడు. మైకు ముందు కూర్చునే నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. వినేవాళ్లు ఆ మనిషి తమ మధ్యే ఉన్నాడని నమ్ముతారు.

2003లో అక్కడ రేడియో, టీవీలను నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఇంకా సడలింపులకు సిద్ధమైంది. ఒక కంపెనీ టీవీ స్టేషన్లు దేశంలో చేరగలిగే ఇళ్ల పరిమితిని 35 శాతం నుంచి 45కు పెంచాలని జూన్ 2న 3-2 ఓట్లతో తీర్మానించింది. జనం ఊరుకోలేదు. లక్షలాది ఉత్తరాలు, ఈమెయిళ్లు వెళ్లాయి. తుపాకీ హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్, మహిళా సంఘాలు ఒకదానితో ఒకటి ఏకీభవించేవి కావు. అవి కూడా ఈ ఒక్క విషయంలో ఒకే పక్షాన నిలిచాయి. చివరికి 2004లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆ పరిమితిని 39 దగ్గర ఆపింది.

మిగతా సడలింపుల మీద కోర్టుకు వెళ్లినవాళ్లలో ముందున్నది ప్రొమీథియస్ రేడియో ప్రాజెక్ట్. ఫిలడెల్ఫియాలో పుట్టిన చిన్న సంస్థ. ఏళ్ల తరబడి పోరాడింది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కమిషన్ వైపే తీర్పు ఇచ్చింది. ఒకే ఊళ్లో పత్రికా, ప్రసార స్టేషనూ ఒకరి చేతిలోనే ఉండకూడదన్న 1975 నాటి నిబంధనను కమిషన్ రద్దు చేయడం చెల్లుబాటైంది.

అయితే ఆ సంస్థ అసలు పని కోర్టుల్లో కాదు, ఊళ్లలో. కమ్యూనిటీ రేడియోలు నిలబెట్టడం. వాళ్లూ మరెందరో పట్టుబట్టడం వల్ల 2011 జనవరిలో చిన్న స్టేషన్లకు దారి తెరిచే చట్టం వచ్చింది. వీటి శక్తి మహా అయితే 100 వాట్లు. గొంతు ఐదారు కిలోమీటర్లు దాటితే గొప్ప. లైసెన్సు లాభాపేక్ష లేని స్థానిక సంస్థలకే ఇస్తారు. నడిపేవాళ్లు ఆ ఊళ్లోనే ఉంటారు.